వేటతో తిరిగొచ్చే గద్ద

కొమ్మ మీద కూర్చున్న గద్దను ఫొటో తీయడానికి మంచి లెన్స్, కాస్త వెలుగు, కొంచెం ఓపిక ఉంటే సరిపోతుంది. అదే గద్ద కాళ్లలో చేపనో, ఎలుకనో, పామునో ఇరికించుకుని ఎగిరిపోయే క్షణాన్ని పట్టాలంటే దాని దినచర్య తెలిసి ఉండాలి. అది ఏం తింటుంది, ఏ వేళలో వేటకు దిగుతుంది, దొరికినదాన్ని ఏ చెట్టుకు మోసుకెళ్తుంది అన్నవి తెలియకపోతే ఎంత ఖరీదైన కెమెరా అయినా ఖాళీ ఆకాశాన్నే చూపిస్తుంది. వేట పక్షులు రోజులో ఎక్కువ సేపు కదలకుండా కూర్చుంటాయి, లేదంటే ఎత్తున చక్కర్లు కొడతాయి. వేటకు దిగినా చాలాసార్లు ఖాళీ కాళ్లతోనే పైకి లేస్తాయి. దొరికినప్పుడు కూడా ఆ వేట కంటికి కనబడేది కొద్దిసేపే. ఆ కొద్దిసేపట్లోనే పక్షి మంచి వెలుగులో, కెమెరా వైపు తిరిగి ఉండటం అరుదు. ఈ చిత్రాలకు విలువ వచ్చింది అందుకే.

ఈ పనిలో తొలి తరం పెద్దల్లో బ్రిటన్‌కు చెందిన ఎరిక్ హాస్కింగ్ ముఖ్యుడు. 1937లో ఒక టానీ గుడ్లగూబను ఫొటో తీసే ప్రయత్నంలో ఉండగా అది చీకట్లో మీదికి దూకి గోళ్లతో ఆయన ఎడమ కంటిని గాయపరిచింది. ఆ కన్ను పోయింది. అయినా ఆయన పక్షుల ఫొటోలు మానలేదు. 1948లో ఆయన తీసిన బార్న్ గుడ్లగూబ చిత్రం ప్రపంచమంతా తిరిగింది. ముక్కున వోల్ అనే ఎలుకజాతి జీవిని కరుచుకుని, రెండు రెక్కలూ పైకి విప్పి, రాజముద్ర మీది బొమ్మలా కనిపించే పక్షి అది. అప్పటి ఫిల్మ్‌తో, అప్పటి కెమెరాలతో చీకట్లో ఎగిరే పక్షి రెక్కను స్పష్టంగా పట్టడం దాదాపు అసాధ్యం. రెప్పపాటులో వెయ్యోవంతు కూడా వెలగని ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ను పక్షుల ఫొటోలకు వాడిన తొలివాళ్లలో ఆయన ఒకడు కాబట్టే అది కుదిరింది. గూటి దగ్గర మాటు కట్టుకుని కూర్చోవడం, రాత్రిపూట గుడ్లగూబ మీద ఫ్లాష్ వెలిగించడం అప్పట్లో మామూలు పద్ధతులు. ఈ రోజు ఆ రెండింటినీ చాలామంది ఫొటోగ్రాఫర్లు వదిలేశారు.

వేటతో ఎగిరే పక్షి అనగానే ఫొటోగ్రాఫర్లకు ముందు గుర్తొచ్చేది ఆస్ప్రే. తెలుగులో దీన్ని కొరమీను గద్ద అంటారు. చలికాలం మొదలవుతుండగా ఉత్తర దేశాల నుంచి మన దేశానికి వచ్చి, ఎండలు ముదిరేలోపు తిరిగి వెళ్లిపోతుంది. కృష్ణా, గోదావరి జలాశయాల మీద, పులికాట్, కోరింగ వైపు ఉప్పునీటి పాయల మీద కూడా కనిపిస్తుంది. దీని ఆహారం దాదాపు అంతా చేపలే, శరీరం మొత్తం ఆ పనికే తయారైంది. నీళ్లలో మునిగేటప్పుడు ముక్కు రంధ్రాలు మూసుకుంటాయి. అరికాళ్ల మీద ఉండే ముళ్ల లాంటి పొలుసులు జారిపోయే చేపను గట్టిగా పట్టి ఉంచుతాయి. బయటి వేలు వెనక్కి తిరుగుతుంది కాబట్టి రెండు వేళ్లు ముందు, రెండు వెనక పెట్టి పట్టు బిగించగలదు.

ఫొటోకు పనికొచ్చే విషయం దాని వేట తీరులో ఉంది. ఆస్ప్రే నీటి మీద ఎత్తున తిరుగుతూ, చేప కనబడగానే రెక్కలాడిస్తూ ఒకేచోట నిలబడుతుంది. కాళ్లు కిందికి వేలాడితే దూకబోతోందని అర్థం. కాళ్లు ముందుకు చాచి నీళ్లలోకి పడుతుంది. ఒక మీటరు లోతుకు మించి వెళ్లలేదు, కాబట్టి పైపైన తిరిగే చేపలే దానికి దొరుకుతాయి. చేప బరువుగా ఉంటే వెంటనే లేవలేక కొన్ని క్షణాలు రెక్కలు పరుచుకుని నీటి మీదే ఉంటుంది. ఆ తర్వాత బలంగా రెక్కలు కొట్టి లేస్తుంది. కొంచెం ఎత్తుకు చేరగానే గాలిలోనే ఒళ్లంతా విదిలించి నీళ్లు దులుపుకుంటుంది. నీటి తుంపరలతో వచ్చే అద్భుతమైన చిత్రాల్లో చాలా ఆ విదిలింపు సమయంలో తీసినవే. ఆ వెంటనే చేపను కాళ్లలో సర్దుకుంటుంది. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి, చేప తల తను వెళ్లే దిక్కుకు ఉండేలా తిప్పుతుంది. అలా అయితే గాలి తక్కువగా అడ్డుకుంటుంది. పక్షి, చేప ఒకే దిక్కు చూస్తూ వెళ్తున్నట్టుండే ఈ దృశ్యం పక్కనుంచి తీస్తేనే అందంగా వస్తుంది. ఎదురుగా తీస్తే చేప మూతి ఒక చుక్కలా మాత్రమే కనబడుతుంది.

మహారాష్ట్రలో పుణె జిల్లాలోని భిగ్వాన్ దీనికి పేరున్న చోటు. భీమా నది మీద కట్టిన ఉజని డ్యామ్ వెనుక నీళ్లు అక్కడ లోతు లేకుండా పరుచుకుని ఉంటాయి. మునిగిపోయిన చెట్ల మోళ్లు నీళ్లలో నిలబడి ఉంటాయి. చేప పట్టిన ఆస్ప్రే సాధారణంగా అలాంటి మోడు మీదికే చేరి, తల నుంచి మొదలుపెట్టి నిదానంగా తింటుంది. స్థానిక మత్స్యకారులే పడవలు నడుపుతారు. ఏ పక్షి ఏ మోడు మీద తింటుందో రోజూ నీళ్ల మీద ఉండే వాళ్లకు తెలుస్తుంది. ఇక్కడ ఫొటోగ్రాఫర్‌కు కావలసిన నేర్పు పడవను ఎంతవరకు వెళ్లనివ్వాలన్నదే. పక్షి తినడం ఆపి పడవ వైపు చూస్తోందంటే దూరం అప్పటికే తక్కువైపోయింది. చేపతో సహా లేచి మరో మోడుకు ఎగిరిపోయిందంటే ఎగిరే చిత్రం దొరికినట్టే అనిపించవచ్చు. పక్షి వైపు నుంచి చూస్తే అది అక్కర్లేని ప్రయాణం. బరువుతో ఎగిరే ఆ కాసేపట్లో మామూలు గద్దలో, గరుడ పక్షులో వెంటపడి చేపను లాక్కోవచ్చు.

నీటి నుంచి పొలాలకు వస్తే నల్లరెక్కల గద్ద ఉంది. కరెంటు తీగల మీద, తుమ్మచెట్ల చివర్ల మీద తెల్లగా, ఎర్రటి కళ్లతో కనిపించే చిన్న గద్ద ఇది. దీని ప్రధాన ఆహారం పొలం ఎలుకలు. పొద్దున్నే, సాయంత్రం బాగా వేటాడుతుంది. గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, మెట్లు దిగినట్టు కొంచెం కొంచెంగా కిందికి దిగి, చివర్లో రెక్కలు పైకెత్తి గడ్డిలోకి పడిపోతుంది. లేచేటప్పుడు కాళ్లలో ఎలుక ఉంటే ఎప్పుడూ కూర్చునే తీగకో కొమ్మకో తిరిగి వస్తుంది. వెంటాడటం కన్నా ఆ కొమ్మకు తగిన దూరంలో ముందే కదలకుండా ఉండటం వెయ్యి రెట్లు మేలు. జత కట్టిన కాలంలో మగ పక్షి ఎలుకను తెచ్చి, కొన్నిసార్లు గాలిలోనే ఆడ పక్షి కాళ్లకు అందిస్తుంది. రెండు పక్షులు, మధ్యలో ఒక ఎలుక, ఒక్క క్షణం. ఫొటోగా దీన్ని మించినది దొరకడం కష్టం. అయితే ఇది జరిగేది గూటికి దగ్గరలోనే కాబట్టి దూరం ఇక్కడ రెట్టింపు ముఖ్యం.

పాముల గద్దలది వేరే తీరు. కురచవేళ్ల పాముల గద్ద బయళ్ల మీద, జుట్టు పాముల గద్ద నల్లమల లాంటి అడవుల్లో తిరుగుతాయి. పట్టిన పామును చాలావరకు ముక్కలు చేయకుండా తల వైపు నుంచి మింగేస్తాయి. ముక్కు బయట తోక మాత్రమే వేలాడే చిత్రాలు అలా వస్తాయి. గూటిలో పిల్ల ఉన్నప్పుడు సగం మింగిన పామునే మోసుకెళ్తే, పిల్ల ఆ తోక పట్టి లాగి తను మింగుతుంది.

పిల్లిగద్దలు, అంటే హ్యారియర్లు, చలికాలంలో రోళ్లపాడు గడ్డిమైదానాలకు, గుజరాత్‌లోని వేలావదర్‌కు వస్తాయి. గడ్డికి కాస్త ఎత్తులో, వెతుకుతున్నట్టు అటూ ఇటూ తిరుగుతాయి. మన దగ్గర వీటి ఆహారంలో మిడతలది పెద్ద వాటా. కాలిలో మిడత ఉన్నా ఫొటోలో కనబడటం కష్టం. రాత్రి గడ్డిలో నేల మీదే గుంపులుగా నిద్రపోతాయి కాబట్టి బాట వదిలి జీపులను గడ్డిలోకి తిప్పితే జరిగే నష్టం ఎక్కువ.

వేట పక్షి గురించి ఎంత తెలిసినా, అది తినే జీవి గురించి తెలియకపోతే సగం పనే అయినట్టు. ఈ విషయం రాజస్థాన్‌లోని తాల్ ఛాపర్‌లో బాగా అర్థమవుతుంది. చురు జిల్లాలోని ఆ చిన్న అభయారణ్యం కృష్ణజింకలకు పేరు పొందింది. అక్కడి నేలలో బొరియలు తవ్వుకుని బతికే ముళ్లతోక బల్లిని స్థానికులు సాండా అంటారు. లగ్గర్ డేగలకు, టానీ గద్దలకు అది పెద్ద ఆహారం. ఈ బల్లి శరీరానికి ఎండ కావాలి. చలి ముదిరినప్పుడు బొరియలో దాక్కుంటుంది, ఎండ పట్టాక బయటికి వచ్చి ఒళ్లు కాచుకుంటుంది. పక్షులు ఆ వేళకే కాపు కాస్తాయి. కాబట్టి అక్కడికి చీకటితోనే చేరి, చలిలో గంటలు గడిపి, ఎండెక్కగానే తిరిగి వెళ్లిపోయే ఫొటోగ్రాఫర్‌కు అసలు సంగతి కనబడదు. తొండలు పట్టే శిక్రా డేగ విషయంలోనూ ఇంతే. తొలకరి వాన కురిసిన సాయంత్రం పుట్టల నుంచి ఉసిళ్లు లేచినప్పుడు ఊరి గద్దలు గుంపులుగా చేరి గాలిలోనే వాటిని కాలితో పట్టి ముక్కుకు అందించుకుంటాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో నాగాలాండ్ మీదుగా ఆఫ్రికాకు వెళ్లే అముర్ డేగలు కూడా ఎగురుతూనే పురుగులు తింటాయి. 2012 వరకు నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర వేలకు వేలుగా వలల్లో చిక్కి చచ్చిన ఆ పక్షులను ఆ మరుసటి ఏడాది నుంచి అక్కడి గ్రామాలే కాపాడుకుంటున్నాయి.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు చేపల రేవును మించిన బడి లేదు. విశాఖపట్నం లాంటి రేవుల్లో ఊరి గద్దలు, గరుడ పక్షులు చేపల వ్యర్థాల కోసం పొద్దంతా దిగుతూ లేస్తూ ఉంటాయి. మనుషులకు అలవాటు పడ్డాయి కాబట్టి దగ్గరగా దొరుకుతాయి. పక్షి ఎగిరే దారిని కెమెరాతో వెంబడించడం, కాళ్లు ముందుకు వచ్చే క్షణాన్ని ఊహించడం అక్కడ చేతికి అలవాటవుతాయి. పైగా పక్షి ఎప్పుడూ గాలికి ఎదురుగానే వాలుతుందని, ఎదురుగానే లేస్తుందని ఒక్క పూటలో అర్థమవుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఎక్కడ నిలబడాలో తేలిపోతుంది. గాలి వీపుకు తగులుతూ, సూర్యుడూ వెనకే ఉంటే పక్షి ముఖం మీద వెలుగు పడుతూ ఎదురుగా వస్తుంది. ఆంధ్ర తీరంలో పొద్దున సూర్యుడు సముద్రం వైపు ఉంటాడు. ఆ వేళ గాలి నేల మీది నుంచి వీస్తే రెండూ కలిసిరావు. అలాంటప్పుడు వెలుగుకే ప్రాధాన్యమిచ్చి, పక్కనుంచి దాటిపోయే పక్షిని తీయడం మంచిది.

సూర్యుడు తక్కువ ఎత్తులో ఉన్నప్పుడే రెక్కల కిందా, కాళ్లలో ఉన్న వేట మీదా వెలుగు పడుతుంది. నడినెత్తికి వచ్చాక పక్షి పొట్ట, కాళ్లు నీడలో పడిపోతాయి. వేటంతా ఉండేది ఆ నీడలోనే. పైగా నేల వేడెక్కాక దాని మీది గాలి వణుకుతుంది. దూరంగా ఉన్న పక్షిని పెద్ద లెన్స్‌తో తీస్తే ఎంత సరిగా ఫోకస్ చేసినా ఈకలు మెత్తగా, అస్పష్టంగా వస్తాయి. చాలామంది దీన్ని లెన్స్ లోపం అనుకుంటారు.

కెమెరా లెక్కలకు వస్తే, 400 నుంచి 600 మిల్లీమీటర్ల లెన్స్ ఈ పనికి మామూలు. రెక్క కొడుతున్న పక్షికి సెకనులో 2000వ వంతు, నీళ్లలోంచి లేచే ఆస్ప్రేకు, దూకే డేగకు 3200వ వంతు షట్టర్ వేగం పెట్టుకోవడం మంచిది. నిట్టనిలువుగా దూకే పెరిగ్రిన్ డేగ గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. దాన్ని దూకేటప్పుడు పట్టడం కన్నా వేటతో వాలాక తీయడం చాలామందికి సాధ్యమయ్యే పని. అపెర్చర్ విషయంలో ఈ చిత్రాలకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. పక్షి కన్ను, కాళ్లలోని వేట ఒకే దూరంలో ఉండవు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 600 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్4 దగ్గర ఉంచి 15 మీటర్ల దూరంలోని పక్షిని తీస్తే స్పష్టంగా ఉండే లోతు సుమారు 15 సెంటీమీటర్లే. కన్ను స్పష్టంగా ఉండి చేప మసకబారితే చిత్రం సగం చచ్చినట్టే. ఎఫ్8 పెడితే ఆ లోతు రెట్టింపవుతుంది. రెట్టింపు దూరంలో ఉన్న పక్షికి అది నాలుగింతలవుతుంది. దూరంగా ఉండటం పక్షికే కాదు, ఫొటోకూ మేలన్నమాట. వెలుగు తగ్గినప్పుడు ఐఎస్ఓ పెంచుకోవచ్చు. చిత్రంలో కాస్త రవ్వలాంటి గరుకుదనం కనబడినా ఫర్వాలేదు, కదిలిపోయిన రెక్కను మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ బాగు చేయలేదు.

తెల్లటి ఆకాశం ముందు ఎగిరే పక్షిని కెమెరా తనంతట తాను కొలిస్తే పక్షి నల్లని నీడలా వస్తుంది. ఒక స్టాప్, అవసరమైతే ఇంకా కొంచెం వెలుగు పెంచాలి. ముదురు అడవి నేపథ్యంలో తెల్ల తల గరుడ పక్షిని తీసేటప్పుడు దీనికి తిరగేసి చేయాలి, లేకపోతే తల మీది ఈకలన్నీ తెల్లటి అట్టముక్కలా మారిపోతాయి. 2020 తర్వాత వచ్చిన మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావరకు పక్షి కన్నును గుర్తుపట్టి వదలకుండా వెంబడిస్తాయి. కొన్ని షట్టర్ పూర్తిగా నొక్కకముందు గడిచిన క్షణాలను కూడా దాచిపెడతాయి. పక్షి కొమ్మ వదిలాక వేలు కదిలించేవాళ్లకు అది పెద్ద సాయం. అయితే కొమ్మ వదలబోయే పక్షి ముందే కొన్ని సూచనలిస్తుంది. రెట్ట వేస్తుంది, ఒళ్లు ముందుకు వంచుతుంది, ఈకలను ఒంటికి బిగిస్తుంది. వాటిని చూడటం అలవాటైనవాళ్లు పాత కెమెరాతోనూ మంచి చిత్రాలు తీస్తారు.

వేట దొరికిన వెంటనే పక్షి ప్రవర్తన మారుతుంది. నేల మీద ఉంటే రెండు రెక్కలూ గొడుగులా పరిచి, తోక విప్పి వేటను కప్పేస్తుంది. పైనుంచి చూసే ఇతర పక్షులకు అది కనబడకూడదని ఆ ఏర్పాటు. అప్పుడు దాని చూపు ఒకటే, ఎవరు లాక్కోవడానికి వస్తున్నారు అన్నదే. మనిషి దగ్గరికి వెళ్తే ఆ మనిషినీ అలాగే చూస్తుంది. వేటను వదిలేసి పోతే ఆ పూట కష్టమంతా వృథా అవుతుంది. గూట్లో పిల్లలున్న కాలమైతే వాటి కడుపూ మాడుతుంది. అందుకే వాహనంలోంచి దిగకుండా తీయడం ఉత్తమం. చాలా పక్షులు ఆగి ఉన్న జీపును పట్టించుకోవు, దిగిన మనిషి కాళ్లు కనబడగానే లేచిపోతాయి.

వేట చిత్రం అరుదు కాబట్టి దాన్ని తయారుచేసే వ్యాపారమూ పుట్టింది. స్కాట్లండ్‌లోని రోథీమర్కస్, ఫిన్లాండ్‌లోని పోహ్తియోలాంపీ లాంటి చోట్ల చేపలు నింపిన చెరువుల పక్కన మాటుగదులు కట్టి ఉంచుతారు. ఆస్ప్రేలు తమంతట తామే వచ్చి చేపలు పట్టుకుంటాయి, డబ్బు కట్టినవాళ్లు లోపల కూర్చుని తీస్తారు. పక్షి స్వేచ్ఛగా ఉన్నా, దృశ్యం పొందిగ్గా అమర్చినది. ఆ సంగతి చిత్రం కింద చెప్పినంతవరకు దీన్ని తప్పుపట్టనక్కర్లేదు. ఉత్తర అమెరికాలో గుడ్లగూబల ముందు దుకాణంలో కొన్న బతికున్న ఎలుకను వదిలి ఎదురుగా వచ్చే చిత్రాలు తీయడం మాత్రం వేరే సంగతి. రోడ్ల పక్కన మనుషుల దగ్గర ఆహారం దొరుకుతుందని నేర్చుకున్న గుడ్లగూబ వాహనాల కింద పడే ప్రమాదం పెరుగుతుంది. అమెరికాలోని పక్షుల సంరక్షణ సంస్థ ఆడుబాన్ పోటీలు, లండన్‌లోని వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీ బతికున్న ఎరతో తీసిన చిత్రాలను అనుమతించవు.

మన దేశంలో ఇది మర్యాదతో ఆగిపోయే విషయం కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’ అనే మాటకిచ్చిన నిర్వచనంలోనే అడవి జీవికి ఎర వేయడం, దాన్ని తరమడం, పక్షుల గుడ్లనూ గూళ్లనూ కదిలించడం ఉన్నాయి. అభయారణ్యంలో ఫొటోల కోసం ప్రవేశించడానికి అనుమతి కావాలి. గూటికి అడ్డొచ్చిన కొమ్మను విరిచి ‘దారి చేసుకోవడం’ కొందరికి చిన్న పనిగా తోస్తుంది. ఆ ఒక్క కొమ్మ పోతే పిల్లల మీద మధ్యాహ్నపు ఎండ నేరుగా పడుతుంది, కాకులకు దారి తెలుస్తుంది.

ఇలా తీసిన చిత్రాలు పరిశోధనకు కూడా అక్కరకొస్తున్నాయి. వేట పక్షి ఏం తింటుందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు చాలాకాలం గూళ్ల కింద పడిన ఎముకల మీద, కక్కిన ఉండల మీద ఆధారపడ్డారు. అందువల్ల గూడు కట్టే కాలంలో, గూళ్లు ఉన్న చోట్ల మాత్రమే సమాచారం దొరికేది. 2019లో దక్షిణాఫ్రికా పరిశోధకులు ఇంటర్నెట్‌లో జనం పెట్టిన ఫొటోలను సేకరించి, మార్షల్ ఈగిల్ అనే పెద్ద గద్ద ఆఫ్రికాలోని వేర్వేరు ప్రాంతాల్లో ఏమేం తింటోందో పరిశీలించారు. ఈ పద్ధతికి తన లోపాలూ ఉన్నాయి. నిమిషంలో మింగేసే చిన్న పురుగు కంటే గంటసేపు తినే పెద్ద బల్లి ఎక్కువమంది కెమెరాకు చిక్కుతుంది. అయినా మామూలు ఫొటో ఒకటి, తేదీ, చోటు సరిగ్గా రాసి ఉంటే, ఒక పూట భోజనానికి సాక్ష్యమవుతుంది.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మెకాలే లైబ్రరీ, పక్షుల పరిశీలనలు నమోదు చేసే ఈబర్డ్ వేదిక ద్వారా వచ్చిన చిత్రాలను భద్రపరుస్తుంది. పక్షి ఆహారం మోసుకెళ్తున్నట్టు గుర్తు పెట్టే వీలు అక్కడ ఉంది, ఆ గుర్తుతో వెతకవచ్చు కూడా. కొన్ని సున్నితమైన జాతుల ఆనవాళ్లను ఈబర్డ్ తనంతట తానే దాచిపెడుతుంది. మిగిలినవాటి విషయంలో గూటి చోటును జిల్లా పేరు వరకే చెప్పి ఆపడం ఫొటోగ్రాఫర్ చేతిలోనే ఉంది. చిత్రం కింద రాసే వివరంలో తేదీ, ప్రాంతం, పట్టిన జీవి పేరు, పేరు తెలియకపోతే దాని సుమారు పొడవు, వేటాడటం కళ్లారా చూశారా లేక తినేటప్పుడే చూశారా అన్నది, మాటుగది గానీ నింపిన చెరువు గానీ వాడి ఉంటే ఆ సంగతి ఉండాలి.